ఏ చేతికి టీకా? ఆ తర్వాత రెండు రోజులు ఎలా?

వ్యాఖ్యాత: నమస్కారం. కోవిడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారి అంది. అదే ఏడాది డిసెంబరు 8న బ్రిటన్‌లో సాధారణ టీకాల కార్యక్రమం మొదలైనప్పుడు తొలి సూది వేయించుకున్న మార్గరెట్ కీనన్ వయసు 90. పెద్దవాళ్లకే ముందు ఎందుకు, డాక్టర్ గారూ?

వృద్ధుల వైద్యురాలు: వయసు పైబడేకొద్దీ ఈ జబ్బు ముదిరే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి. కొత్త క్రిమిని గుర్తుపట్టే టి కణాలు థైమస్ గ్రంథిలో తయారవుతాయి. అది యౌవనం నుంచే కుంచించుకుపోతూ వస్తుంది. అందుకే పెద్దవాళ్ల ఒంట్లో టీకాకు స్పందన కూడా మందంగా ఉంటుంది, బూస్టర్లు అవసరమవుతాయి. డోసు పడ్డాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. 'సూది అయిపోయింది కదా' అని ఆ రెండు వారాల్లోనే మాస్కు తీసేస్తారు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ రోజుల గురించే.

వ్యాఖ్యాత: సిస్టర్, టీకాకు బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి?

టీకా కేంద్రం నర్సు: ఏదైనా తిని, నీళ్లు తాగి రావాలి. బీపీ, షుగరు మాత్రలు రోజూలాగే వేసుకోవాలి. వాడే మందుల చీటీ, ముందు డోసు కాగితం తెచ్చుకోవాలి. ఏ చేతికి వేయించుకోవాలో మాత్రం ఇంట్లోనే అనుకుని రండి. కర్ర పట్టుకునే చేతికి వద్దు. ఒకటి రెండు రోజులు భుజం నొప్పెడుతుంది, పట్టు సడలుతుంది, రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు తూలిపడతారు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన (ఫిస్టులా) చేయి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసిన వైపు చేయి కూడా వద్దు.

వ్యాఖ్యాత: రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఒక రోజు ఆపి వస్తుంటారు...

నర్సు: ఎవరికి వాళ్లు ఆపేయకూడదు. ఆపితే గడ్డ కట్టే ప్రమాదం సూది గాయంకన్నా పెద్దది. వాటిలో ఒకటైన వార్ఫరిన్ వాడేవాళ్లు, రక్తం ఎంతసేపటికి గడ్డ కడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష హద్దులో ఉందని చూసుకుని వస్తే చాలు. వాళ్లకు 23 లేదా 25 గేజ్ సూది వాడతాం. అంకె పెరిగితే సూది సన్నం. తీశాక దూదితో కనీసం రెండు నిమిషాలు అదిమి పట్టాలి. రుద్దితే లోపల రక్తం గూడు కడుతుంది.

ఇంకొకటి. మెడ దగ్గర చొక్కా పక్కకి లాగి భుజం చూపిస్తారు. దాంతో సూది మరీ పైన పడే ప్రమాదం ఉంది. భుజం ఎముక చివర నుంచి రెండు మూడు వేళ్లు కింద వేయాలి. కండ తగ్గిన చేతిలో ఇంకా పైన పొడిస్తే కీలు వాచి నెలల తరబడి చేయి పైకి లేవదు. అందుకే చేయి మొత్తం బయటపెట్టగలిగే వదులు చొక్కా వేసుకోవాలి. సూది తర్వాత 15 నిమిషాలు కూర్చోవాలి. ఇంతకుముందు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లయితే 30.

వ్యాఖ్యాత: తర్వాత జ్వరం వస్తే?

వైద్యురాలు: పారాసిటమాల్ ముందుగానే మింగి రావద్దు. జ్వరమో నొప్పో వచ్చాక 500 మిల్లీగ్రాములు, మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటల ఎడం. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది. రెండూ కలిపితే మోతాదు దాటి కాలేయం మీద పడుతుంది. 50 కిలోలకన్నా తక్కువ బరువున్నవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగే వేసుకోవాలి. రెండు రోజులకు తగ్గకపోతే టీకా జ్వరమే అనుకుని ఊరుకోకండి, పరీక్ష చేయించండి.

పెద్దవాళ్లలో కోవిడ్ జ్వరం లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం, తిండి మానేయడం, ఊరికే పడిపోవడం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు వేలికి పెట్టి చూడాలి. గోళ్ల రంగు తీసేసి, వేళ్లు వెచ్చగా ఉన్నాయని చూసి, అంకె నిలకడ అయ్యేదాకా ఒక నిమిషం ఆగాలి. 94కన్నా తక్కువ ఉంటే వెంటనే వైద్య సహాయం కావాలి. చర్మం రంగు ముదురుగా ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఆయాసం కనిపిస్తుంటే అంకెను పట్టుకుని కూర్చోవద్దు.

వ్యాఖ్యాత: నెలల తరబడి ఇల్లు కదలనివాళ్ల సంగతి?

ఫిజియోథెరపిస్ట్: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా పది రోజులు మంచానికే పరిమితమైతే కాళ్లలో కిలోకు దగ్గరగా కండ పోవచ్చు. దానికి ఒక కుర్చీ చాలు. చక్రాలు లేనిది, గోడకు ఆనించి పెట్టాలి. పాదాలు కాస్త వెనక్కి జరిపి, నడుం ముందుకు వంచి లేవాలి. మూడు లెక్కపెడుతూ కూర్చోవాలి. ధబ్బున కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే, తొడ కండ దించేటప్పుడు కూడా పనిచేస్తుంది. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఎగబాకుతుంది. ఐదేసి సార్లు, రోజుకు మూడు విడతలు. లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. సూది పడిన చేతిని కూడా కదపకుండా ఉంచేయకండి.

వ్యాఖ్యాత: మంచం దిగలేనివాళ్లకు?

నర్సు: ఇంటికొచ్చి వేసే బృందం ఉందేమో కనుక్కోండి. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాల్సిన సీసాలను ఐస్ ప్యాకులున్న పెట్టెలో తెస్తారు. చాలా రకాల్లో మూత తెరిచిన సీసా కొన్ని గంటల్లోనే అయిపోవాలి. అందుకే దగ్గరదగ్గర ఇళ్లు కలిపి ఒకే పూట పెట్టుకుంటారు. చెప్పిన వేళకు మనిషిని తలవైపు ఎత్తుగా కూర్చోబెట్టి, చేయి బయటపెట్టి ఉంచండి. నర్సు వెళ్లిపోయాక ఆ రాత్రి పక్కన ఒకరు పడుకోవాలి.