నూరు మందికి చాక్లెట్ కేకు

శ్రోతలకు నమస్కారం. ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. సార్లకు శాలువాలు, గ్రూప్ ఫోటోలు, మటన్ భోజనం. వీటన్నిటికీ ముందు కేకు కోయాలి. ఆ కేకు గురించే ఇవాళ నాలుగు మాటలు.

మా వదిన ఉండేది హనుమకొండలో. ఆమె పదో తరగతి బ్యాచ్ పరకాల దగ్గర వాళ్ల బడిలో కలుద్దామనుకున్నది, అదీ మే నెలలో. కేకు పని ఈమె మీద పడింది. నాకు ఫోన్ చేసి, "నూరు మంది అయితరు వదినా. క్రీమ్ కేకు కొంటే ఆటోలో పోయేసరికే కారిపోతది. కొందరు గుడ్డు కూడా తినరు. ఏం చేద్దాం?" అన్నది.

నూనె కేకు చెయ్యమన్నాను. వెన్న వద్దు, గుడ్డు వద్దు, క్రీమ్ అసలే వద్దు. యుద్ధకాలంలో సరుకులు దొరకనప్పుడు అమెరికా ఇళ్లలో బాగా నడిచిన పద్ధతి ఇది. వెన్న చల్లబడితే గడ్డకడుతుంది, నూనె గడ్డకట్టదు. అందుకే ఇవాళ చేసింది రేపు కూడా మెత్తగానే ఉంటుంది. నన్నడిగితే రేపే ఇంకా రుచి.

కొలతలు రాసుకోండి. పదమూడు అంగుళాల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు ఉన్న ఒక ట్రేకు మూడు కప్పుల మైదా, రెండు కప్పుల చక్కెర, అర కప్పు కోకో పొడి, రెండు టీస్పూన్ల వంటసోడా, ఒక టీస్పూన్ ఉప్పు. ఇవి పొడివి. తడివి: రెండు కప్పుల నీళ్లు, కప్పులో మూడింట రెండు వంతుల నూనె, రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్. సన్‌ఫ్లవర్ నూనె పోయండి, పల్లి నూనె అయితే వాసన కొడుతుంది. పాలలో కలుపుకునే చాక్లెట్ పొడి తేకండి, అందులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. కోకో అని అడిగి తెచ్చుకోండి.

నూరు మందికి ఐదు ట్రేలు. ట్రేకు ఇరవై నాలుగు ముక్కలు. ఇక్కడే మా వదిన పెద్ద గంజులో అంతా ఒకేసారి కలుపుతానన్నది. ఆమె ఓవెన్‌లో పట్టేది ఒక్క ట్రే! వెనిగర్ తగలగానే సోడా పొంగడం మొదలవుతుంది. ఆ పొంగే కేకుకు బలం. ఐదో ట్రే వంతు వచ్చేసరికి పొంగంతా పోయి, పిండి చచ్చిపడుతుంది. లోతు గిన్నెలో ఒకటే పెద్ద కేకు చేద్దామంటే, అంచులు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, ఏ ట్రే పిండి ఆ ట్రేకే కలపాలి. మా వదిన పొడివన్నీ కొలిచి, జల్లించి, ఐదు కవర్లలో కట్టి పెట్టుకున్నది. ఓవెన్ ఖాళీ అయినప్పుడల్లా ఒక కవరు విప్పడం, తడివి పోసి ఉండలు లేకుండా కలపడం, వెంటనే లోపల పెట్టడం. నూట ఎనభై డిగ్రీల్లో ముప్పై అయిదు నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

పూర్తిగా చల్లారాక మూత పెట్టండి. వేడి మీద మూస్తే ఆవిరికి పైభాగం జిగటవుతుంది. ట్రేలోంచి తీయకుండా అట్లనే ఆటో ఎక్కించండి, ముక్కలు అక్కడికి పోయాకే కోయండి. పైన చక్కెర పొడి చల్లాలనుకుంటే అదీ అక్కడే, కోసే ముందు. ఇంట్లోనే చల్లితే పరకాల చేరేలోపు కేకు పీల్చేసుకుంటుంది.