పెప్పర్డ్ మాత్: పుల్లగా పెరిగి బెరడులో కలిసిపోయే రెక్కలపురుగు

శ్రోతలకు నమస్కారం. ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి పెప్పర్డ్ మాత్ పేరు గుర్తుండే ఉంటుంది. జీవపరిణామం పాఠంలో తెల్లనిదొకటి, నల్లనిదొకటి, చెట్టు మాను మీద పక్కపక్కన వాలిన రెండు బొమ్మలుగా అది మనకు పరిచయం. పరీక్షకు ఆ రెండు బొమ్మలు చాలు. కాని ఆ ప్రాణి ఏం తిని పెరుగుతుందో, పగలంతా ఎక్కడ దాక్కుంటుందో తెలిసినప్పుడే ఆ రంగుల సంగతి నిజంగా బోధపడుతుందని నా నమ్మకం. అందుకే ముందుగా దాని బతుకు గురించి చెబుతాను.

శాస్త్రజ్ఞులు బిస్టన్ బెట్యులేరియా అని పిలిచే ఈ రెక్కలపురుగు జియోమెట్రిడే కుటుంబానికి చెందినది. ఐరోపాలోను, ఆసియాలోని చల్లని ప్రాంతాల్లోను, ఉత్తర అమెరికాలోను ఉన్నా, దీన్ని ఎక్కువగా పరిశీలించినది బ్రిటన్‌లోనే. అక్కడి అడవుల్లోనే కాక ఇళ్ల తోటల్లో, పార్కుల్లో కూడా ఇది కనిపిస్తుంది. రెక్కలు చాపితే సుమారు నాలుగున్నర నుంచి ఆరు సెంటీమీటర్లు ఉంటుంది. తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు, వంకర గీతలు ఉంటాయి. ఒళ్లు లావుగా, నూగుతో ఉంటుంది. మగదాని మీసాలు ఈకల్లా చీలి ఉంటాయి, ఆడదానివి సన్నని దారాల్లా ఉంటాయి. ఆడపురుగు గాలిలోకి వదిలే వాసనను పసిగట్టి, చీకట్లో దాని జాడ తీయడానికి మగపురుగుకు ఆ మీసాలే ఆధారం.

మే నెల నుంచి ఆగస్టు దాకా రాత్రిపూట ఎగిరే ఈ పురుగులు రెక్కలు వచ్చాక ఏమీ తినవు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్న కొవ్వుతోనే, బతికే ఆ కొద్ది రోజుల్లో జతకట్టి గుడ్లు పెట్టాలి. లేత ఆకుపచ్చగా, ఒక మిల్లీమీటరు కూడా లేని గుడ్లను ఆడపురుగు బెరడు పగుళ్లలోకి చొప్పించి వందల సంఖ్యలో పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు పట్టుదారం వదిలి, గాలివాటున వేరే కొమ్మకో వేరే చెట్టుకో చేరుతుంది. ఎక్కడ దిగుతుందో దాని చేతిలో లేదు కనుక, బర్చ్, విల్లో, ఓక్ వంటి ఎన్నో రకాల చెట్ల ఆకులు తినగలగడం దానికి ప్రాణాధారం.

ఈ గొంగళిపురుగుకు ఒంటి మీద వెంట్రుకలు ఉండవు. ముందువైపు మూడు జతల అసలు కాళ్లు, తోకవైపు రెండు జతల కండకాళ్లు మాత్రమే ఉంటాయి, నడుమ ఏమీ ఉండవు. కనుక అది ముందు కాళ్లతో పట్టు దొరికించుకుని, వెనుక కాళ్లను ముందుకు లాక్కుని, నడుమును విల్లులా పైకి లేపి, మళ్లీ చాపుతూ నడుస్తుంది. మన ఆముదం చేలలోని దాసరిపురుగు కూడా కొంతవరకు ఇలాగే నడుస్తుంది గాని, దాని కుటుంబం వేరు. పగటిపూట ఇది తోకవైపు కాళ్లతో కొమ్మను గట్టిగా పట్టుకుని, మిగతా ఒంటిని ఏటవాలుగా నిక్కబొడుచుకుని, కదలకుండా ఉండిపోతుంది. తల నడినెత్తిన చీలి మొగ్గ చివరలా ఉంటుంది. ఒంటి మీది బొడిపెలు కణుపుల్లా ఉంటాయి. వేలెడు దూరం నుంచి చూసినా పుల్ల కాదని చెప్పడం కష్టం.

అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచే విషయం, ఈ పురుగు తానున్న కొమ్మను బట్టి గోధుమ రంగుకో ఆకుపచ్చకో ఒంటి రంగు మార్చుకోవడం. బ్రిటన్ శాస్త్రజ్ఞులు వీటి కళ్లను నల్లరంగుతో కప్పి పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. కళ్లు మూసినా పురుగులు కొమ్మకు తగిన రంగు తెచ్చుకున్నాయి, తమ రంగుకు సరిపోయే పుల్లనే ఎంచుకుని చేరాయి. వెలుగును గుర్తించే జన్యువులు వాటి చర్మంలో కూడా పనిచేస్తున్నాయని తేలింది.

ఆకురాలే కాలానికి పురుగు చెట్టు దిగి మట్టిలో దూరి, ప్యూపాగా, అంటే గొంగళిపురుగుకూ రెక్కలపురుగుకూ నడుమ ఉండే కదలని దశగా మారి, చలికాలమంతా అక్కడే గడుపుతుంది. వేసవి మొదట్లో రెక్కలతో బయటికి వచ్చాక మాత్రం దాని రంగు మారదు. గొంగళిపురుగు తన జీవితకాలంలోనే చేసుకోగలిగిన సర్దుబాటు, రెక్కలపురుగుకు తరాల మీద, పుట్టుకతో వచ్చే గుణంగానే సాధ్యం. పాఠంలోని నల్ల బొమ్మ కథ ఇక్కడే మొదలవుతుంది.

1848లో మాంచెస్టర్‌లో పూర్తిగా నల్లని పురుగు దొరికింది. మిల్లుల పొగకు చెట్ల బెరడు మీద పొరలా పెరిగే లేతరంగు లైకెన్లు చచ్చిపోయి, బెరడు మసిబారిన రోజులవి. 1895 నాటికి ఆ ప్రాంతంలో నూటికి 98 పురుగులు నల్లవే. తెల్లవి పక్షుల కంట పడుతున్నాయన్న వాదనను 1950వ దశకంలో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ కెటిల్‌వెల్ ప్రయోగాలతో పరీక్షించారు. అయితే ఆయన పురుగులను మానుల మీద వదిలిన తీరు సహజం కాదన్న విమర్శ తరువాత వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. దానికి జవాబు వెదికినవారు బ్రిటన్ శాస్త్రజ్ఞుడు మైకేల్ మజెరస్. కేంబ్రిడ్జ్‌లో ఆయన స్వయంగా చెట్లెక్కి వెదికితే, సగానికి పైగా పురుగులు పక్క కొమ్మల మీద, మూడో వంతు మానుల మీద కనిపించాయి. అక్కడే ఆరేళ్లపాటు 4,864 పురుగులను వదిలి గమనించారు. మసి తగ్గిన ఆ చోట పక్షులు నల్లవాటినే ఎక్కువగా తిన్నాయి. 1956లో బ్రిటన్‌లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చాక నల్లవి క్రమంగా అరుదైపోవడానికి ఇదే కారణమని అది బలంగా చూపింది. 2009లో ఆయన మరణించాక, 2012లో సహచరులు ఆ ఫలితాలను ప్రచురించారు.

ఇక నలుపుకు మూలమేమిటన్నది 2016లో లివర్‌పూల్ పరిశోధకులు తేల్చారు. కార్టెక్స్ అనే జన్యువులో సుమారు 22,000 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి ఎక్కడినుంచో వచ్చి చేరింది. అది 1819 ప్రాంతంలో జరిగి ఉంటుందని వారి అంచనా. ఈ ఫలితం వెలువడిన నేచర్ పత్రిక సంచికలోనే వచ్చిన మరో పరిశోధన, దక్షిణ, మధ్య అమెరికాల్లోని హెలికోనియస్ సీతాకోకచిలుకల రెక్కల మీది పసుపు, తెలుపు పట్టీలు కూడా ఇదే జన్యువుతో ముడిపడి ఉన్నాయని చూపింది.