చీమకుర్తి రాయి, రెండు ముక్కల పరిచయం

హోస్ట్: నమస్తే, ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఉన్న అక్కది చీమకుర్తిలో చిన్న గ్రానైట్ యూనిట్. పేరు చెప్పొద్దన్నారు, అందుకని అక్కా అనే పిలుస్తా. అక్కా, బెంగళూరులో జరిగే రాళ్ళ వ్యాపార ప్రదర్శన స్టోనాకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమైంది?

అక్క: ఏమవుతుంది తమ్ముడూ, రెండొందల కార్డులు కొట్టించుకుని వెళ్ళా. రెండు రోజుల్లో అన్నీ పంచేశా. సంచి నిండా వాళ్ళ కార్డులు తెచ్చుకున్నా. ఇంటికొచ్చి మంచం మీద పరిచి చూస్తే ఒక్క మొహం గుర్తుకు రాలేదు. వాళ్ళకి మాత్రం నేను గుర్తుంటానా? ఒక్క ఫోన్ కూడా రాలేదు.

హోస్ట్: అసలు ఏమని పరిచయం చేసుకునేవారు?

అక్క: "మాది చీమకుర్తి, గ్రానైట్ ఫ్యాక్టరీ అండి." అంతే. చీమకుర్తి నుంచి వచ్చినవాడు గ్రానైట్ కాక మరేం చెప్తాడు! దానికి తోడు ఆడమనిషిని చూడగానే "సార్ రాలేదా?" అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు "సార్‌కి రేట్లు తెలియవండి, నన్నే అడగండి" అంటున్నా. నవ్వుతారు, మాట కలుస్తుంది.

హోస్ట్: ఇది కూడా ముందే అనుకుని వెళ్ళిన జవాబేనా?

అక్క: మరి! అప్పటికప్పుడు తట్టేంత చురుకు నాకు లేదు. పరిచయం రెండు ముక్కల్లో రాసుకుని మా టీ కొట్టాయనకి చెప్పి చూశా. మొదటిసారి "క్వాలిటీ, కస్టమర్ సాటిస్‌ఫ్యాక్షన్" అంటూ ఏదో చెప్పా. ఆయన టీ వడపోస్తూ, "అంటే రాళ్ళు కోస్తారా?" అన్నాడు. కొట్టేసి మళ్ళీ రాశా. ఇప్పుడు చెప్పేది ఇదీ: "గ్యాలక్సీ రాయిలో వంటగట్లు, మెట్లు మీ కొలతకి కోసి, అంచు మోల్డింగ్ చేసి పంపిస్తాను. ఒక్క ఇంటికైనా సరే." ఆ చివరి మాటే నాకు పని తెచ్చింది. పెద్దవాళ్ళు చిన్న ఆర్డర్లు పట్టించుకోరు కదా.

హోస్ట్: వినేవాళ్ళ కోసం చెప్తున్నా, గ్యాలక్సీ అంటే నల్ల రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, అది.

అక్క: అదే. రెండోసారి శాంపిల్ కూడా పట్టుకెళ్ళా. అందులోనూ బుద్ధి తక్కువ పనే చేశాలే. నాలుగంగుళాల ముక్కలు, 20 మిల్లీమీటర్ల మందం. ఒక్కోటి అరకిలో దాటుతుంది. ఇరవై ముక్కలు భుజాన వేసుకుంటే మధ్యాహ్నానికి సంచి పట్టీ తెగింది. ఇప్పుడు రెండంగుళాలవే. వెనకాల మందం, పాలిష్ రకం, నా నంబరు. కార్డు పారేస్తారు గానీ మెరిసే రాయి పారేయరు, టేబుల్ మీద పెట్టుకుంటారు.

హోస్ట్: మరి రేట్ల సంగతి?

అక్క: అక్కడే పరువు పోయింది. మొదటిసారి ఒకాయన "ఎఫ్‌ఓబీ ఎంత?" అన్నాడు. పోర్టులో ఓడ ఎక్కించేదాకా అయ్యే ఖర్చంతా కలిపి చెప్పే ధర అది. నాకు తెలిసింది ఫ్యాక్టరీ దగ్గర చదరపు అడుగు రేటే. లారీ, ప్యాకింగ్, కస్టమ్స్ కాగితాలు, పోర్టు ఖర్చు, ఏదీ లెక్కేసుకోలేదు. "ఇంటికెళ్ళి చెప్తానండి" అన్నా. ఆయన తలూపి పక్క స్టాలుకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ ధర, పోర్టు ధర, బెంగళూరు చేర్చిన ధర, మూడూ ఒకే కాగితం మీద ఉంటాయి. జీఎస్టీ నంబరు, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫోన్లోనే.

హోస్ట్: అక్కా, 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే, తరచూ కలిసే మనిషి వల్ల దొరికిందన్నది వందలో 17 మందే. మిగతావాళ్ళకి అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసే మనిషి వల్ల దొరికింది.

అక్క: ఆయన చీమకుర్తి రాలేదు గానీ మా సంగతే చెప్పాడు. నేను రోజూ చూసేవాళ్ళంతా రాయి అమ్మేవాళ్ళే. కొనేవాడు నాకు చుట్టమా, పక్కింటాయనా?

హోస్ట్: అంత మందిలో ఎవరిని కలవాలో ఎలా తెలుస్తుంది?

అక్క: స్టాళ్ళ జాబితా ముందే వెబ్‌సైట్లో పెడతారు. రెండోసారి ఆరుగురిని ఎంచుకున్నా. వాళ్ళేం కడుతున్నారో చూసి ఒక్కొక్కరికి ఒక ప్రశ్న రాసుకున్నా. కోయంబత్తూరు కాంట్రాక్టర్‌ని "మెట్ల అంచులు దారిలో పగులుతున్నాయా?" అని అడిగా. పావుగంట ఆయనే మాట్లాడాడు. ముక్కల మధ్య థర్మోకోల్ పెట్టి చెక్క పెట్టెలో నిలబెట్టి పంపమని చెప్పా. ఆర్డర్ ఊసే ఎత్తలేదు. పక్కకొచ్చి కార్డు వెనక "మెట్లు, పగుళ్ళు" అని రాసుకున్నా. రాత్రి లాడ్జికొచ్చి మా పెట్టె ఫొటో వాట్సాప్‌లో పెట్టా.

హోస్ట్: ఆరుగురూ జవాబిచ్చారా?

అక్క: ఇద్దరు. ఈ కోయంబత్తూరాయన నాలుగు నెలలకి మూడు ఇళ్ళ మెట్లు చేయించుకున్నాడు. సరే గానీ, నువ్వూ స్పాన్సర్ల కోసం తిరుగుతున్నావుగా. నన్ను కొత్త మనిషి అనుకో. మీ పాడ్‌కాస్ట్ ఏంటో రెండు ముక్కల్లో చెప్పు.

హోస్ట్: మాది... అంటే, ఒంగోలు నుంచి వ్యాపారం చేసే వాళ్ళతో, ఒక రకంగా... స్ఫూర్తిదాయకమైన...

అక్క: అంటే, ఫోన్లో మాట్లాడతారా?