చెరువు గట్టు మీద విన్న రొద

అందరికీ నమస్కారమండి.

మాస్టారు ఫోన్ చేసి, "ఈ 2024లో నువ్వు విన్న ఆల్బమ్‌లలో నీకు నచ్చినవేంటో వచ్చి ఓ అరగంట చెప్పరా" అన్నారు. "నేను వినేవి మీకు తెలుసు కదండీ" అన్నాను. "తెలుసు కాబట్టే పిలుస్తున్నా. పోయిన నెల ప్రసంగానికి సగం హాలు నిద్రపోయింది. నీ పాటలకైతే ఎవరూ పడుకోరు" అన్నారు. అదండీ ఈ ఆహ్వానం వెనకున్న కథ.

నేను వినేదాన్ని ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటారు. డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్, డూమ్... ఇలా శాఖలు బోలెడు, ఇంటిపేరు మాత్రం అదే. ఇదేదో మనకి సంబంధం లేని గొడవ అనుకోకండి. మీలో చాలామంది ఈ సంగీతాన్ని ఈ ఏడాదే టీవీలో చూశారు. జులై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మన సింధు, శరత్ కమల్ జెండా పట్టుకుని సెన్ నది మీద పడవలో వెళ్లారు కదా. ఆ రాత్రే ఆ నది ఒడ్డున ఒక పాత కోట కిటికీల్లోంచి తల తెగిన రాణుల బొమ్మలు, మంటలు, కిటికీ అరుగుల మీద నిలబడి గిటార్లు వాయించేవాళ్లు కనిపించారు. ఆ బ్యాండ్ పేరు గోజిరా, ఫ్రాన్సు వాళ్లే. ఆ కోట కాన్సియెర్జెరీ. రాణి మేరీ ఆంటోనెట్‌ని గిలెటిన్ అనే తల నరికే యంత్రానికి పంపేముందు ఉంచిన జైలది. పాడింది ఫ్రెంచి విప్లవకాలం నాటి పాట, పక్కన మరీనా వియొట్టి అనే ఒపెరా గాయని. మా నాన్నగారు చూసి, "ఇదేనా నువ్వు వినేది? పర్లేదు, పద్ధతిగానే ఉంది" అన్నారు. పదిహేనేళ్లలో నాకొచ్చిన మొదటి సర్టిఫికెట్ అదేనండి.

ఇక ఈ పాటల్లో గర్జించే గొంతు సంగతి. మా అమ్మ అయితే ఇప్పటికీ "ఎవర్రా ఆ అబ్బాయి, గొంతు పూర్తిగా పోయింది, ఎవరైనా మిరియాల పాలు ఇవ్వండ్రా" అంటుంది. గొంతు పోవడం కాదండి. మనం మాట్లాడే స్వరతంతువులకి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. వాటిని కదిలిస్తూ, ఊపిరి పొట్టలోంచి తీసి, ఆ గర్జన పుట్టిస్తారు. చేత కాకుండా అరిస్తే రెండు రోజుల్లో గొంతు బొంగురుపోతుంది. చేతనైనవాళ్లు ముప్పై ఏళ్లుగా పాడుతున్నారు. మా అమ్మమ్మగారిది ద్రాక్షారామం పక్కన. చిన్నప్పుడు అక్కడ వీరనాట్యం చూశాను. వీరణం మోగుతుంటే, కత్తి పట్టుకుని "అశ్శరభ శరభ, దశ్శరభ శరభ" అని ఒకాయన గర్జిస్తుంటే నేను అమ్మమ్మ కొంగు వెనక దాక్కున్నాను. భయమేసింది, కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఈ సంగీతం మొదటిసారి విన్నప్పుడు కూడా అచ్చం అలాగే అయింది.

ఇప్పుడు నా పరీక్ష గురించి చెప్పాలి. మాకు మొగల్తూరు వైపు మూడు వనామీ చెరువులున్నాయి. రొయ్యలు వేసినవాళ్లకి తెలుసు, రాత్రి నిద్ర ఉండదు. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక నాచూ పీలుస్తుంది, రొయ్యా పీలుస్తుంది. తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. నాలుగు కంటే తగ్గిందా, టెన్షన్. అందుకని మూడింటికి లేచి మీటరు ముంచి చూడటం, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటం నా డ్యూటీ. ఆ గంటన్నర గట్టు మీద కుర్చీ వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా వింటాను. ఏరియేటర్ చక్రాల రొద ఎటూ లోపలికి వస్తుంది. ఆ రొదలో కలిసిపోయిన ఆల్బమ్ నా లిస్టులోకి రాదు. ఈ ఏడాది చాలా కలిసిపోయాయి. ఎక్కడా ఆగకుండా బాదితే, ఎంత బాగా బాదినా సరే, ఇరవై నిమిషాలకి అదీ ఇంకో ఏరియేటరే అవుతుంది. మిగిలినవాటన్నిటికీ ఒక్క విద్య తెలుసు. ఎప్పుడు ఆగాలో తెలుసు.

ఓపెత్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దీని కథ మన జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. స్వీడన్ బ్యాండ్. నవంబరు 22న వచ్చిన ఆల్బమ్ పేరు 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్', అంటే వీలునామా. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక ఒక డబ్బున్న పెద్దాయన పోతాడు. కవల పిల్లలు, పోలియో వచ్చి ఆ ఇంట్లోనే పెరిగిన ఒక అమ్మాయి కూర్చుని ఉండగా వీలునామా చదువుతారు. ఒక్కో పేరాకి ఒక్కో నిజం బయటపడుతుంది. మొదటి ఏడు పాటలకి పేర్లే లేవు, దస్తావేజులో ఉన్నట్టు పేరా నంబర్లే. ఎనిమిదో దానికి మాత్రం పేరుంది. కొబ్బరితోట పంపకాల దగ్గర అన్నదమ్ముల మొహాలు చూసినవాళ్లెవరికైనా ఇది అర్థమవుతుందండి.

వీళ్ల గాయకుడు మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్ 2008 తర్వాత ఆల్బమ్‌లలో గర్జించడం మానేశాడు. పదహారేళ్లకి ఇందులో మళ్లీ మొదలుపెట్టాడు. అభిమానులు పండగ చేసుకున్నారు. నాకైతే ఆ గర్జన కంటే జెథ్రో టల్ అనే పాత రాక్ బ్యాండ్ గాయకుడు ఇయాన్ ఆండర్సన్ వీలునామా చదివే గొంతు ఎక్కువ గుర్తుండిపోయింది. 77 ఏళ్ల మనిషి. చదువుతాడు, మధ్యలో ఫ్లూట్ వాయిస్తాడు. ఆయన మాట్లాడుతుంటే బ్యాండంతా పక్కకి తప్పుకుంటుంది.

తర్వాతది సోంపాంట్లి. కాలిఫోర్నియా వాళ్లు. ఆ పేరు అజ్టెక్ భాష నుంచి వచ్చింది, పుర్రెలు గుచ్చి నిలబెట్టే చట్రాన్ని అలా అంటారు. మే నెలలో వచ్చిన ఆల్బమ్ 'బీటింగ్ ది డ్రమ్స్ ఆఫ్ యాన్సెస్ట్రల్ ఫోర్స్'. బరువైన డూమ్ గిటార్లు, వాటి పక్కన మెక్సికో ఆదివాసుల డోళ్లు, ఈలలు. ఒక పాట వాళ్ల వానదేవుడు త్లాలోక్ మీద. ఇందులో గిటార్లు ఆగిపోయి ఉత్త డోళ్లే మిగిలే చోట్లున్నాయి. అక్కడ నాకు కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం గుర్తొచ్చింది. కనుమ రోజు ప్రభలు కాలవ దాటుతుంటే, నీళ్లలో దిగిన కుర్రాళ్ల అరుపులు, ఒడ్డు మీద డప్పులు. ఆ డప్పు చెవికంటే ముందు కడుపుకి తగులుతుంది చూడండి, ఇదీ అంతే.

రిప్డ్ టు ష్రెడ్స్ గురించి ఒక్క మాట. తైవాన్ మూలాలున్న అమెరికా కుర్రాడు ఆండ్రూ లీ నడిపే డెత్ మెటల్ బ్యాండ్. 'సాన్షీ' అనే ఆల్బమ్ సెప్టెంబరులో వచ్చింది. చైనా దావో నమ్మకం ప్రకారం మనిషి ఒంట్లోనే మూడు పురుగులుండి, వాడి పాపాలు పైకి వెళ్లి చెబుతాయట. చిత్రగుప్తుడు బయట కాకుండా మన పొట్టలోనే కూర్చుని రాసుకుంటున్నట్టు. ఆల్బమ్ బావుంది, వేగం ఎక్కువ. గట్టు మీద కంటే మోటార్‌సైకిల్ మీద బావుంటుంది. నార్వే బ్యాండ్ డార్క్‌త్రోన్ ఆల్బమ్ ఏప్రిల్‌లో వచ్చింది. ఇద్దరు ముసలి స్నేహితులు షెడ్డులో కూర్చుని వాయించినట్టుంటుంది, అదే దాని అందం. డిసైడ్ అనే బ్యాండ్ కొత్త ఆల్బమ్ ఏఐతో గీయించిన అట్టతో వచ్చిందని పెద్ద గొడవైంది. పాటలు పర్లేదు గానీ, ఆ అట్ట చూస్తే నాకూ మనసొప్పలేదు.

ఇక అసలు దానికొస్తాను. బ్లడ్ ఇన్‌కాంటేషన్, అమెరికాలో డెన్వర్ నుంచి నలుగురు. అక్టోబరు 4న 'యాబ్సల్యూట్ ఎల్స్‌వేర్' వచ్చింది. నలభై నిమిషాలకి పైగా ఉన్న ఆల్బమ్‌లో పాటలు రెండే. ఒక్కోదాన్ని మూడు టాబ్లెట్లుగా విడగొట్టారు. టాబ్లెట్ అంటే మందుబిళ్ల కాదండి, పాతకాలం మట్టిపలక. రికార్డింగ్ బెర్లిన్‌లో హాన్సా స్టూడియోలో, 1977లో రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ పనిచేసిన చోట. మొదటి పాట రెండో పలకలో టాంజరీన్ డ్రీమ్ అనే జర్మనీ ఎలక్ట్రానిక్ బ్యాండ్ సభ్యుడు తోర్‌స్టెన్ క్వాష్‌నింగ్ సింథసైజర్లు వాయించాడు. అంటే డెత్ మెటల్ పూర్తి ఊపులో ఉండగా తలుపు తీసుకుని ఆకాశంలోకి వెళ్లిపోయినట్టుంటుంది.

దసరా వెళ్లిన నాలుగో రోజు రాత్రి మూడున్నరకి అది వింటున్నాను. మొదటి పలక అయింది, రెండోదిలోకి వచ్చాం. సింథసైజర్ పల్చగా పరుచుకుంది. వెనక ఏమీ లేదు. ఒట్టి నిశ్శబ్దం. ఎంత గొప్పగా మిక్స్ చేశార్రా, బయట రొద కూడా వినపడకుండా చేశారు అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను కూడా. కాసేపటికి కళ్లు తెరిస్తే చెరువు అద్దంలా ఉంది. నీళ్లలో చుక్కలు కనిపిస్తున్నాయి. ఏరియేటర్లు తిరిగే చెరువులో చుక్కలు కనపడవండి.

కరెంటు పోయింది. ఎప్పుడు పోయిందో తెలీదు. టార్చి వేస్తే గట్టు వారన రొయ్యలు పైకి తేలి ఉన్నాయి, వెలుగుకి కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. చెప్పులొదిలేసి జనరేటర్ షెడ్డుకి పరిగెత్తాను. హ్యాండిల్ తిప్పితే మొదటిసారి దగ్గి ఆగిపోయింది, మూడోసారికి అందుకుంది. ఏరియేటర్లు ఒకటొకటిగా లేచాయి. ఆ రొద వినడానికి నేనెప్పుడూ అంత సంబరపడలేదు. ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి, వాటిలో మూడో పలక సన్నగా అరుస్తోంది. నష్టం పెద్దగా కాలేదు, తెల్లారి ఒక తట్టెడు ఏరాం. నాన్నగారు తిట్టలేదు. గోజిరాకి ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఒక చెవికే పెట్టుకుంటున్నాను. స్టీరియోలో సగం పోతుంది, ఏం చేస్తాం.

అంత చేసినా ఆ ఆల్బమ్ నాకు రెండోదే. మొదటిది ఉల్సరేట్. న్యూజీలాండ్‌లో ఆక్లాండ్ వాళ్లు, ముగ్గురే. జూన్ 14న వచ్చింది. దాని పేరు చెబితే ముందు వరసలో పిన్నిగారు లేచి వెళ్లిపోతారేమోనని భయంగా ఉంది. 'కటింగ్ ది థ్రోట్ ఆఫ్ గాడ్'. దేవుడి గొంతు కోయడం. నేనూ పొద్దున్నే దీపం పెట్టే ఇంట్లో పుట్టినవాణ్నే. కానీ దక్షుడి తల నరికిన వీరభద్రుడి కథ విని పెరిగినవాణ్ని కూడా. వీళ్ల పాటల్లో తిట్లు లేవు. పెద్ద దుఃఖం ఉంది.

జేమీ సెయింట్ మెరాట్ అని వాళ్ల డ్రమ్మర్, రికార్డింగ్ పనీ ఆయనదే. ఈ సంగీతంలో బ్లాస్ట్ బీట్ అని ఒకటుంది. నిమిషానికి 240 లెక్కన దరువు వేస్తూ ఒక్కో దరువుని నాలుగు చేస్తే సెకనుకి పదహారు దెబ్బలు. అది చాలామందికి వచ్చు. ఈయన ఆ వేగంలో ఉండగానే సింబల్ పళ్లెం మీద చెయ్యి తేలిక చేసి, గిటార్‌కి చోటు వదులుతాడు. వరద గోదావరి చూడండి, పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, అడుగున మాత్రం చెట్లు దొర్లించుకుపోతుంది. ఉల్సరేట్ పాత ఆల్బమ్‌లలో ఆ అడుగే వినిపించేది, పై నీరు ఉండేది కాదు. ఈసారి పై నీరు కూడా ఉంది. మైకేల్ హోగార్డ్ గిటార్‌లో రాగంలాంటిది మెదిలి, పట్టుకుందామనేలోపు అపస్వరంలోకి జారిపోతుంది. రెండో పాట పేరు 'ది డాన్ ఈజ్ హాలో', తెల్లవారడం బోలు అని. మీటరులో 3.8 చూస్తూ నాలుగింటికి ఆ పాట విన్నవాడికి పేరు అర్థం చెప్పక్కర్లేదు. ఏరియేటర్ రొదలో ఈ ఆల్బమ్ కలవలేదు. ఎనిమిది సార్లు విన్నాను, ఎనిమిదిసార్లూ కలవలేదు.

మన హైదరాబాద్‌లోనూ గాడ్‌లెస్ అని డెత్ మెటల్ బ్యాండ్ ఉంది, 2021లో వచ్చిన 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వినండి. ఈ ఏడాది లెక్కలోకి రాదు కాబట్టి లిస్టులో పెట్టలేదు.

మాస్టారు వాచీ చూస్తున్నారు. ఉల్సరేట్ మొదటి పాట కాస్త వినిపించి దిగిపోతాను. బాబూ, ఆ ఫ్యాన్లు రెండు నిమిషాలు ఆపుతావా? దోమలకి కాస్త ఓర్చుకోండమ్మా. మొదట్లో గిటార్ ఒక్కటే వస్తుంది, చాలా చిన్నగా.