బాగా ఆడటం వచ్చేదాకా ఆగకండి, కార్డు ఇవ్వండి

విజయనగరం నుంచి తెల్లవారకుండానే బయల్దేరి విశాఖ వెళ్లి గోల్ఫ్ నేర్చుకుంటున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మీరంతా నన్ను అడిగేది ఒకటే: "సార్, ఇంకా బాగా ఆడటం రాలేదు, ఇప్పుడే హ్యాండిక్యాప్ ఎందుకు?" అని. హ్యాండిక్యాప్ అంటే మన ఆట స్థాయిని చెప్పే అంకె, ఆడిన రౌండ్ల స్కోరు కార్డులు ఇస్తే వస్తుంది. బాగా ఆడటం రానివాళ్లకే అది ముందు కావాలండి.

మన కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లు మీకు తెలుసు. అక్కడ ఎవరి బరువు విభాగం వాళ్లదే. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. గోల్ఫ్‌లో మాత్రం మనుషుల్ని విడగొట్టరు. బంతిని హోల్ అనే గుంటలో వేయడానికి ఎంత తక్కువ స్ట్రోకులు, అంటే దెబ్బలు, కొడితే అంత మంచి ఆట. తక్కువ ఆట ఉన్నవాడికి కొన్ని స్ట్రోకులు ఇచ్చి, అంటే అతని స్కోరులోంచి తగ్గించి, ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాడి పక్కనే నిలబెడతారు. నాకు ఈ ఆట మీద అంత ఇష్టం ఏర్పడింది కూడా ఇందుకే.

ఒకప్పుడు ప్రపంచంలో హ్యాండిక్యాప్‌కి ఆరు రకాల లెక్కలు ఉండేవి. 2020 జనవరిలో గోల్ఫ్ నియమాలు చూసే సంస్థలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ కలిసి అన్నిటినీ ఒకటి చేశాయి. దాని ప్రకారం కొత్తవాళ్లు 54 హోల్స్‌కి కార్డులు ఇస్తే చాలు. పద్దెనిమిదివి మూడు రౌండ్లు ఆడినా సరే, తొమ్మిదేసి చొప్పున ఆరుసార్లు ఆడినా సరే, రెండూ కలిపినా సరే. ఒంటరిగా ఆడింది మాత్రం లెక్కలోకి రాదు, పక్కన ఆడినవాళ్లు చూసి కార్డు మీద సంతకం పెట్టాలి.

ఒక హోల్‌లో బంతి రెండుసార్లు నీళ్లలో పడి, బంకర్‌లో (ఇసుక గుంటలో) ఇరుక్కుని పన్నెండు కొట్టారనుకోండి, అక్కడితో మొత్తం కార్డే పాడైపోయిందని చాలామంది నీరసపడిపోతారు. అవసరం లేదు. హ్యాండిక్యాప్ రాకముందు ఏ హోల్‌కైనా పార్ (ఆ హోల్‌కి బాగా ఆడేవాడు కొట్టాల్సిన స్ట్రోకులు) మీద ఐదు వరకే లెక్కలోకి తీసుకుంటారు, అంటే పార్ 4 హోల్‌లో పన్నెండు కొట్టినా తొమ్మిదే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. కోర్స్ పార్ 72, కోర్స్ రేటింగ్ 71, స్లోప్ 120 అనుకుందాం. రేటింగ్ అంటే బాగా ఆడేవాడికి అక్కడ ఎంత స్కోరు రావాలో చెప్పేది, స్లోప్ అంటే మనలాంటివాళ్లకి ఆ కోర్స్ ఇంకెంత కష్టమో చెప్పేది. మామూలు కోర్స్ స్లోప్ 113. మీ స్కోర్లు 118, 112, 121. ఒక్కో స్కోరులోంచి 71 తీసేసి, 113తో హెచ్చవేసి, 120తో భాగించండి. 44.3, 38.6, 47.1 వస్తాయి. (ఆ రోజు గాలివాన లాంటివి ఉంటే చిన్న సవరణ ఒకటి ఉంటుంది, అది కంప్యూటరే చూసుకుంటుంది.)

మూడింటికీ సగటు తీస్తారని అందరూ అనుకుంటారు. కాదు, అన్నిటికన్నా తక్కువైన 38.6 ఒక్కటే తీసుకుని, అందులోంచి ఇంకో 2 తగ్గిస్తారు. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్ 36.6. మీరు మామూలుగా ఎలా ఆడతారన్నది కాదు, బాగా ఆడిన రోజు ఎంతవరకు వెళ్లగలరో చూపించే అంకె ఇది. అందుకే ప్రతి రౌండ్‌లోనూ దాన్ని అందుకోలేకపోతే టెన్షన్ పడకండి. నాలుగో కార్డుకి ఆ కోత 1, ఐదో కార్డుకి సున్నా, ఆపైన కార్డులు పెరుగుతూ ఇరవై అయ్యాక మంచివి ఎనిమిదింటి సగటు తీస్తారు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇండెక్స్ గరిష్ఠం 54.

అదే కోర్స్‌లో ఆడితే 36.6ని 120తో హెచ్చవేసి, 113తో భాగించి, రేటింగ్‌కీ పార్‌కీ తేడా ఒకటి తీసేస్తే 38 స్ట్రోకులు వస్తాయి. అంటే 112 కొట్టినా మీ నెట్ స్కోరు, అంటే ఆ 38 తీసేశాక మిగిలేది, 74!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎక్కువ స్ట్రోకులు రావాలని స్కోరు పెంచి రాయకండి, సిగ్గుపడి తగ్గించీ రాయకండి. మొదటిది మీతో ఆడేవాళ్లని మోసం చేయడం, రెండోది మీకు మీరే అన్యాయం చేసుకోవడం. రెండున్నర అడుగుల పట్ (హోల్ దగ్గర బంతిని మెల్లగా దొర్లించే దెబ్బ) వదిలేసి "అది పడిపోయినట్టే" అనుకోవడం కూడా వద్దు, కొట్టి లెక్కపెట్టండి.

కార్డులు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి, ఫోన్లో కాలిక్యులేటర్ తీయండి, మీవి ఇక్కడే వేసేద్దాం.