ఒక్క ప్రశ్నార్థకం ఐదు ఉద్యోగాలను నిలబెట్టింది!

నమస్కారం. పోస్టు పెట్టారు, ఉద్యోగం ఊడింది. ఈ కథ మీకు కొత్తేమీ కాదు. ఎవరో ఒకరు కడుపు మండి ఆఫీసు గురించి నాలుగు ముక్కలు రాస్తారు. మర్నాడు హెచ్‌ఆర్ నుంచి పిలుపు. ఆ సాయంత్రానికి మనమంతా రెండు జట్లుగా చీలి కొట్టుకుంటాం. ఒక జట్టు భావప్రకటన స్వేచ్ఛ అంటుంది, రెండో జట్టు తిన్నింటి వాసాలు లెక్కపెడతారా అంటుంది. నేను ఈ రెండు జట్లలోనూ లేను. నా వాదన ఒకటే. రాసినందుకు ఉద్యోగం పోదు. తిట్టినందుకు కూడా పోదు. ఒంటరిగా రాసినందుకు పోతుంది. మళ్లీ చెబుతున్నాను, ఒంటరిగా రాసినందుకు!

రుజువేది అంటారా? అమెరికాలోని బఫెలో నగరానికి పదండి. 2010 అక్టోబరు. అక్కడొక సేవాసంస్థ. అందులో పనిచేసే ఒకావిడ, తోటివాళ్లు సరిగ్గా పని చేయడం లేదని, ఆ సంగతి డైరెక్టరుకు చెబుతానని అంటోంది. అది విని ఒళ్లు మండిన ఇంకో ఉద్యోగిని శనివారం పూట ఇంట్లోంచి ఫేస్‌బుక్‌లో రాసింది. ఫలానా ఆవిడకు మన పని చాలడం లేదట, నాకు విసుగొచ్చేసింది అని రాసి, చివర్లో ఒక్క మాట కలిపింది: తోటి ఉద్యోగులారా, మీరేమంటారు?

నలుగురు జవాబిచ్చారు. నా నెత్తిన ఐదు కార్యక్రమాలున్నాయి, వచ్చి చేసి చూడమనండి అని ఒకరు. అసలే మనకు బతుకంటూ మిగల్లేదు అని ఇంకొకరు. మధ్యలో బూతులు కూడా పడ్డాయి. సెలవులు ముగిసి ఆఫీసు తెరవగానే ఐదుగురినీ పిలిచి పొమ్మన్నారు. కారణం? ఆ మొదటి ఆవిడను వేధించారట!

ఇక్కడొక్క క్షణం ఆగండి. ఆ పోస్టు యాజమాన్యానికి ఎలా తెలిసింది? ఏ నిఘా సాఫ్ట్‌వేరో పట్టుకోలేదు. పోస్టులో ఎవరి పేరు ఉందో ఆవిడే వెళ్లి చెప్పింది. అకౌంటు ప్రైవేటులో పెట్టుకున్నాను, నాకేమీ కాదు అని ధీమాగా ఉన్నవాళ్లకు చెబుతున్నాను. మీ పోస్టు మీ బాసు చూడనవసరం లేదు. మీ పక్క కుర్చీ చూస్తే చాలు, స్క్రీన్‌షాట్ నడిచి వెళ్తుంది.

సరే, బఫెలోకు వద్దాం. 2012 డిసెంబరులో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు తీర్పు చెప్పింది. ఐదుగురినీ తిరిగి పనిలోకి తీసుకోండి, పోయిన జీతం కట్టండి అంది. ఆధారం ఏమిటో తెలుసా? 1935 నాటి చట్టం! ఫేస్‌బుక్ పెట్టినవాడి తాత కూడా చిన్నవాడై ఉంటాడు అప్పటికి. పని పరిస్థితుల గురించి ఉద్యోగులు కలిసి మాట్లాడుకోవడం హక్కు అని ఆ చట్టం ఏడో సెక్షను చెబుతుంది. టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నా, ఫేస్‌బుక్‌లో మాట్లాడుకున్నా మాట్లాడుకోవడమే కదా. కలిసి అన్నది అక్కడ ప్రాణం. ఆ ఒక్క ప్రశ్న, మీరేమంటారు అన్న ఆ ప్రశ్న లేకపోతే అది ఒకావిడ చిరాకు. ప్రశ్న వేసింది కాబట్టి ఐదుగురి హక్కు అయింది.

తిడితే పోదా అని అడుగుతారు. 2011లో న్యూయార్క్‌లో విందులకు వడ్డించే సంస్థలో ఒక సర్వరు మేనేజరును తిట్టాడు. మామూలు తిట్లు కావు, తల్లిని, కుటుంబాన్ని కలిపి ఫేస్‌బుక్‌లో తిట్టాడు. నేను ఇక్కడ చదివితే ఈ వీడియో నిలవదు. కానీ చివరి వాక్యం ఏమిటి? కార్మిక సంఘానికి ఓటెయ్యండి అని! రెండు రోజుల్లో అక్కడ సంఘం ఎన్నిక ఉంది. సంస్థ అతన్ని తీసేసింది. 2017లో అప్పీలు కోర్టు అతని పక్షానే నిలిచింది. ఇది రక్షణకు ఆఖరి అంచు అని కోర్టు కూడా అంది, నిజమే. కానీ అంచు మీదైనా నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడు? చివరి వాక్యంలో తన ఒక్కడి గోడు లేదు కాబట్టి!

అంతెందుకు, కనెక్టికట్‌లో ఒక బారులో పన్నుల కోతలో యజమాని లెక్క తప్పిందని ఉద్యోగులు ఫేస్‌బుక్‌లో మాట్లాడుకుంటుంటే, ఒకాయన ఒక్క లైక్ కొట్టాడు. అక్షరం రాయలేదు. ఉద్యోగం తీసేశారు. బోర్డు ఆ లైక్‌ను కూడా కాపాడింది, 2015లో కోర్టు కూడా సరే అంది. బొటనవేలికి ఉన్న రక్షణ ఒంటరి మొరకు లేదు!

ఇప్పుడు మీలో తెలివైనవాళ్లు వర్జిన్ అట్లాంటిక్ విమాన సంస్థ సంగతి తెస్తారు. 2008లో ఫేస్‌బుక్ రాతలకు 13 మంది విమాన సిబ్బందిని ఒకేసారి తీసేశారు, వాళ్లు గుంపుగానే ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. అది బ్రిటన్, చట్టం వేరు, అది ఒక మాట. అసలు మాట వినండి. విమానంలో బొద్దింకలున్నాయని రాశారు, బాగుంది, అది పని పరిస్థితి. అక్కడితో ఆగారా? టికెట్టు కొన్న ప్రయాణికులను నాటు మనుషులని వెక్కిరించారు. బొద్దింకల మీదే ఉండి ఉంటే నేను ఈ రోజు వాళ్ల జెండా పట్టుకునేవాణ్ని.

ఒంటరిగా రాసినవాళ్ల గతి చూడండి. 2016 ఫిబ్రవరిలో అమెరికాలో, హోటళ్లు, దుకాణాల మీద జనం అభిప్రాయాలు రాసే వెబ్‌సైటు నడిపే యెల్ప్ సంస్థలో కస్టమర్ సేవల ఉద్యోగిని ఒకరు సీఈఓకు బహిరంగ లేఖ రాసింది. జీతంలో 80 శాతం ఇంటి అద్దెకే పోతోందని రాసింది. కొన్ని గంటల్లోనే ఉద్యోగం పోయింది. లేఖ వల్ల కాదని సీఈఓ ట్విటర్‌లో చెప్పారు. నమ్మేవాళ్లు నమ్మండి. తర్వాత కొద్ది నెలలకే అక్కడ గంట జీతం 12.25 డాలర్ల నుంచి 14 డాలర్లకు పెరిగింది. ఆమె తప్పు ఎక్కడుంది? లేఖ పైకి రాసింది, పక్కకు రాయలేదు. సీఈఓను అడిగింది, పక్క సీటును అడగలేదు. ఆమెతో పాటు పదిమంది సంతకాలుంటే ఆమెను తీసేయడం అంత తేలికయ్యేదా?

వాసాలు లెక్కపెట్టేవాళ్లంటూ ఎగతాళి చేసే రెండో జట్టుకు ఒక మాట. వాళ్లు వాసాలు లెక్కపెట్టలేదయ్యా, కప్పు కారుతోందని చెప్పారు. తడిసేది మీరు కూడా!

ఇక తేజ్ బహదూర్ యాదవ్. 2017 జనవరి. బీఎస్‌ఎఫ్ జవాను. చుట్టూ మంచు, చేతిలో ఫోను. మాడిన రొట్టె చూపించాడు. పప్పు చూపించాడు, అందులో పసుపు, ఉప్పు తప్ప ఏమీ లేదన్నాడు. దేశమంతా ఆ వీడియో చూసింది. వెంటనే ఏమైంది? పప్పు గురించి కంటే ఆయన గురించి ఎక్కువ మాట్లాడారు. తాగుతాడట, చెప్పకుండా గైర్హాజరవుతాడట, అధికారులకు ఎదురు చెబుతాడట. అంత చెడ్డవాడైతే రెండు దశాబ్దాలు తుపాకీ ఇచ్చి సరిహద్దులో ఎలా నిలబెట్టారు? పోస్టు పెట్టిన మర్నాడే పాత ఫైలు దుమ్ము దులపడం, ఇది ప్రతి సంస్థకూ వచ్చిన విద్య. ఏప్రిల్‌లో ఆయన్ను సర్వీసు నుంచి తొలగించారు.

నలుగురితో కలిసి అడగాల్సింది అని ఆయనకు నేను చెప్పలేను. నా సిద్ధాంతం అక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆ తలుపు చట్టమే మూసేసింది. 1968 నాటి బీఎస్‌ఎఫ్ చట్టం సంఘం పెట్టుకోవడాన్ని, పత్రికలతో మాట్లాడడాన్ని కట్టడి చేస్తుంది. రాజ్యాంగం 33వ అధికరణం అందుకు వీలిస్తుంది. కలిసి అడగకూడదు, ఒంటరిగా అడిగితే ఉద్యోగం ఉండదు. మరి పప్పు సంగతి ఎవరు చెప్పాలి? వంటవాడా?

ఆయన ఊరుకోలేదు. 2019లో వారణాసిలో ప్రధానమంత్రి మీద పోటీకి నామినేషన్ వేశాడు. అది చెల్లలేదు. అవినీతికో దేశద్రోహానికో తీసేయలేదని ఎన్నికల సంఘం నుంచి ధ్రువపత్రం తేవాలన్నారు, అది జత చేయలేదన్నారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఆయన పిటిషన్ కొట్టేసింది. ఉద్యోగం తీసేసిన కాగితమే ఎన్నికల దారికి కూడా అడ్డం పడింది.

మీ ఆఫీసులో ఇలాంటిది జరిగితే కింద రాయండి. నన్ను అడగకండి, ఒకరినొకరు అడగండి. కంపెనీ పేరు మాత్రం వద్దు, మీ పక్క కుర్చీ కూడా ఈ వీడియో చూస్తూ ఉండవచ్చు.