సున్నా లైను ఎక్కడండీ?

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతుందా? సరే. ఇవాళ్టి ముచ్చట, ప్రోగ్రామింగ్‌లో అర్రే, అంటే వరసగా పెట్టిన విలువలు, వాటి ఇండెక్స్, అంటే చోటు నంబరు, సున్నా నుంచి మొదలవ్వాలా ఒకటి నుంచా అని.

మన గుంటూరులో బ్రాడీపేట అడ్రస్ ఎలా రాస్తాం, 4/14 అని, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అంటే టూ డైమెన్షనల్ అర్రేనే కదా, రోజూ ఆటో అతనికి ఇండెక్స్ చెప్పి దిగుతున్నాం, సున్నా లైను ఎక్కడండీ అని ఎవరూ అడగరు, అక్కడ మనం లెక్కపెడుతున్నాం కాబట్టి. 1957లో ఫోర్‌ట్రాన్ లాంగ్వేజ్ వచ్చినప్పుడూ అంతే, వాడేది సైంటిస్టులు, వాళ్ళ మేట్రిక్సులన్నీ ఒకటి నుంచే, అర్రే కూడా ఒకటి నుంచే పెట్టారు. మ్యాట్‌ల్యాబ్, ఆర్, జూలియా కూడా అదే రూటు, లువా కూడా.

సీ లాంగ్వేజ్ వాళ్ళ గోల వేరు. బీసీపీఎల్ నుంచి బీ, బీ నుంచి సీ, ఈ వరసలో ఇండెక్స్ అంటే మొదటి ఎలిమెంట్ నుంచి ఎంత దూరం అని. అర్రే మెమరీలో 1000 అడ్రస్ దగ్గర మొదలై ఒక్కో ఇంటిజర్ 4 బైట్లు అనుకోండి, ఏ[3] ఎక్కడుంటుంది, 1000కి 12 కలిపితే 1012లో. మొదటిదానికి దూరం ఏం లేదు, అందుకే సున్నా. ఇది కూడికే కాబట్టి ఏ[3]ని తిరగేసి 3[ఏ] అని రాసినా సీ కంపైలర్ నోరెత్తదు, కావాలంటే ల్యాబ్‌లో చూడండి, మీ సార్ తిడితే నా పేరు చెప్పకండి.

చాలామంది స్పీడ్ కోసం సున్నా అంటారు. నేను పెద్దగా ఒప్పుకోను, ఒకటి నుంచి మొదలుపెడితే దూరం కోసం ఒకటి తీసేయాలి, ఆ పని మామూలుగా కంపైలరే ముందే చేసి పెట్టేస్తుంది. నాకు నచ్చిన కారణం కంప్యూటర్ సైంటిస్టు డైక్‌స్ట్రా గారిది, 1982లో చేత్తో రాసిన చిన్న నోట్. 2 నుంచి 12 వరకు అంకెలు కావాలి, ఎలా రాయాలి? ఆయన 2 ఉండాలి, 13 ఉండకూడదు అని రాద్దామంటారు, అప్పుడు 13లోంచి 2 తీసేస్తే 11, ఎన్ని ఉన్నాయో అదే లెక్క, ఒకటి కలపడాలు తీయడాలు లేవు. ఇంకో ముక్క పక్కన పెట్టాలంటే 13 దగ్గరే మొదలుపెట్టొచ్చు. జెరాక్స్ పార్క్ అనే రీసెర్చ్ ల్యాబ్‌లో మెసా అనే లాంగ్వేజ్‌లో, మొదటి చివర, ఆఖరి చివర కలపడం కలపకపోవడం బట్టి వచ్చే నాలుగు రకాల రాతలూ ఉండేవి, మిగతా మూడిటితోనే తప్పులు ఎక్కువొచ్చాయని ఆయనే రాశారు. ఈ పద్ధతి పట్టుకుంటే ఎన్ ఎలిమెంట్లకి సున్నా నుంచి ఎన్ లోపు అంటే నీట్‌గా ఉంటుంది, ఒకటి నుంచి ఎన్ ప్లస్ వన్ లోపు అంటే చూడ్డానికే చిరాకు. పైథాన్ రేంజ్ ఇదే. సర్క్యులర్ క్యూ, అంటే చివరికెళ్ళాక మళ్ళీ మొదటికొచ్చే వరస, రాసేటప్పుడు కూడా మాడ్యులో, అంటే భాగిస్తే వచ్చే శేషం, ఇచ్చేది సున్నా నుంచే, తిన్నగా ఇండెక్స్‌గా వాడేయొచ్చు.

అట్లాగని ఒకటి తప్పని నేననను. మ్యాట్‌ల్యాబ్‌లో మేట్రిక్స్ లెక్కలు చేసేవాడిని సున్నాకి మార్చమనడం దండగ పని. నాకు ఒళ్ళు మండేది రెండూ కలిపేసినప్పుడు. జావాస్క్రిప్ట్ డేట్ చూడండి, నెలలు సున్నా నుంచి, తేదీలు ఒకటి నుంచి, ఇదేం న్యాయం? 2024, 1, 1 అని ఇస్తే ఫిబ్రవరి ఒకటి వస్తుంది. డిసెంబర్ కావాలని 12 కొట్టారనుకోండి, ఎర్రర్ కూడా ఇవ్వదు, నిమ్మళంగా 2025 జనవరి 1 చేతిలో పెడుతుంది.

అంతే, ఇక డౌట్స్ అడగండి.